డౌన్‌లోడ్ చేస్తే దాచినట్టేనా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. వాళ్ళ చిన్నబ్బాయికి ఒంట్లో బాగుండక బడికి పోవడం కుదరడం లేదు. ఇంట్లోనే చదివించి, వయసు వచ్చాక ఓపెన్ స్కూల్‌లో పది రాయిద్దామని అనుకుంటున్నారు. "వదినా, కరోనా అప్పుడు నువ్వు మీ పిల్లలకు ఇంట్లోనే చెప్పినవు గదా. అవన్నీ దాచిపెట్టిన అన్నవు. మావానికి పంపవా?" అని అడిగింది.

"దానికేం భాగ్యం, పొద్దుగూకేసరికి పంపిస్త" అన్నాను. గొప్పగానే అన్నాను. ఎందుకంటే నిజంగానే దాచాను, కనీసం దాచాననే అనుకున్నాను.

సాయంత్రానికి ఆ గొప్ప దిగిపోయింది. సజ్జ మీది డబ్బాలోంచి పాత ఫోన్ తీస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కు పెడితే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. పిల్లల క్లాసుల కోసం అప్పట్లో తెరిచిన జీమెయిల్ పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లోనే చెప్పిందని మా పెద్దోడు చల్లగా చెప్పాడు. నోట్‌బుక్‌లో రాసుకున్న లింకులు కొడితే సగం తెరుచుకోలేదు.

2020 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలుపెట్టారు. మా రేగోడ్‌లో మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా ఉండేది కాదు. డాబా మీదికి ఎక్కి, రాత్రి పూట నెట్ కొంచెం వేగంగా ఉన్నప్పుడు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, వర్క్‌షీట్లు, దీక్ష యాప్‌లో పాఠాలు ఒక్కొక్కటీ దించుకునేదాన్ని. రోజుకింత డేటా అని ఉండేది కదా, నా సీరియళ్ళు మానుకుని దించాను. అంత కష్టపడి తెచ్చుకున్న దాన్ని మూడు నాలుగేళ్ళు కూడా నిలుపుకోలేకపోయాను.

ఎక్కడ తప్పు చేశానా అని కూర్చుని ఆలోచించాను. మనలో చాలామందిమి ఇదే చేస్తున్నాం కాబట్టి రాస్తున్నాను.

మొదటిది, లింకును వస్తువు అనుకున్నాను. లింకు అనేది పక్కింటి అడ్రసు లాంటిది. వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తే అడ్రసు చేతిలో ఉండి ఏం లాభం? రెండోది, యాప్‌లో డౌన్‌లోడ్ అని కనబడగానే నా చేతికి వచ్చిందనుకున్నాను. యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్ అని దాచుకున్న వీడియో మనకు ఫైలుగా రాదు, ఆ యాప్ లోపలే ఉంటుంది. కొన్నాళ్ళు నెట్‌కు కలపకపోతే అది ఆడదు. యాప్ తీసేస్తే దాంతోపాటే పోతుంది. మూడోది, అన్నీ ఒక్క ఫోన్‌లో, దాని నకలు ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టి, రెండూ ఒకే డబ్బాలో వేశాను. పెన్‌డ్రైవ్ ఇక్కడి నుంచి అక్కడికి మోసుకుపోవడానికి మంచిదే గానీ, ఏళ్ళ తరబడి వాడకుండా మూలన పడేస్తే అందులోది నిలుస్తుందని నమ్మకం లేదు.

"ఇంత బాధ ఎందుకమ్మా, అన్నీ నెట్‌లో ఉంటాయి, మళ్ళీ దించుకోవచ్చు" అంటాడు మా పెద్దోడు. మీ ఇళ్ళల్లోనూ అంటారు. నేను ఒప్పుకోను.

చందమామనే తీసుకోండి. 1947 జూలైలో మొదలైన పత్రిక. మనం, మన అమ్మలు దాంతోనే చదవడం నేర్చుకున్నాం. పత్రిక ఆగిపోయింది. పాత సంచికలు చదువుకోవడానికి వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టారు, ఆ వెబ్‌సైట్ కూడా పోయింది. ఇవాళ మన పిల్లలకు పాత చందమామ చూపించగలుగుతున్నామంటే, ఎక్కడెక్కడో అభిమానులు ముందే దించి దాచుకోబట్టి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథా అంతే. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి అందులో పెట్టారు. నేను బీఏ తెలుగు చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో దొరకని పుస్తకాలు, పెళ్ళయ్యాక అందులో చూసి మురిసిపోయాను. 2017 ప్రాంతంలో అది తెరుచుకోవడం మానేసింది. అంతకుముందే కొందరు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించడం వల్ల చాలా పుస్తకాలు మిగిలాయి. ఆ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. పెద్ద పెద్ద గోదాములకే దిక్కు లేనప్పుడు మన ఫోనెంత?

మా ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లోని ఆడవాళ్ళు పాత చిరుధాన్యాల, పప్పుల విత్తనాలు కాపాడుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది వాళ్ళకు. చాలామంది పెద్ద చదువులు చదవనివాళ్ళే. వాళ్ళు విత్తనాన్ని ఒక్క గదిలో పెట్టి తాళం వేయరు. ఇంటింటా బుట్టల్లో ఉంటుంది. ఒకరికి ఇస్తారు, పంట వచ్చాక వాళ్ళు తిరిగి ఇస్తారు. ఒక ఇంట్లో పురుగు పట్టినా ఇంకో ఇంట్లో బతికి ఉంటుంది. ఏటా విత్తుతారు కాబట్టి మొలకెత్తుతుందో లేదో ఏటా తెలిసిపోతుంది. పాఠాలు దాచడానికి కూడా ఇంతకు మించిన సూత్రం నాకు కనబడలేదు. కంప్యూటర్ వాళ్ళు చెప్పేదీ అదే: మూడు నకళ్ళు, రెండు రకాల పరికరాలు, అందులో ఒకటి వేరే ఇంట్లో.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. ఒకటి మా పాత కంప్యూటర్‌లో, ఒకటి బయట పెట్టుకునే హార్డ్ డిస్క్‌లో, ఒకటి మా ఆడబిడ్డ ఇంట్లో. ముఖ్యమైనవి కొన్ని గూగుల్ డ్రైవ్‌లోనూ పెట్టాను. కానీ అక్కడ ఉచితంగా వచ్చేది 15 జీబీ. మెయిల్, ఫోటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి, కాబట్టి వీడియోలు పెట్టను. ప్రతి ఫైలుకూ తరగతి, సబ్జెక్టు, పాఠం, సంవత్సరం పేరుగా పెడుతున్నాను. వాట్సాప్‌లో వచ్చిన అంకెల పేరుతో వదిలేస్తే ఏడాది తర్వాత మనకే తెలియదు అదేంటో. తెలుగులో టైపు చేసినవి తప్పకుండా పీడీఎఫ్ చేయండి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనబడుతుంది. పిల్లలు రోజూ వాడే లెక్కల వర్క్‌షీట్లు ప్రింటు తీయించి ఫైలులో పెట్టాను. కాగితానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఏటా ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో అన్నీ ఒకసారి తెరిచి చూడాలని పెట్టుకున్నాను. జాడీ మూత తీసి చూడకుండా తొక్కు బాగుందని ఎవరమైనా అంటామా?

అన్నీ దాచమనడం లేదు. సిలబస్ మారుతుంది, పుస్తకాలు మారుతాయి. పరీక్ష రాసే పిల్లలకు పాత పుస్తకం ఒక్కటే ఇస్తే మోసం చేసినట్టే. ఆ ఏటి పుస్తకం చూసుకోవాల్సిందే. కానీ భిన్నాలు మారవు, గుణింతాలు మారవు, సంధులు, సమాసాలు మారవు. పిల్లవాడికి అర్థమయ్యేలా ఎవరో ఓపికగా చెప్పిన పాఠం ఎప్పటికీ పాతబడదు. ఇంకో మాట, డబ్బు కట్టి కొన్న కోర్సులు మన పిల్లల కోసం దాచుకోవడం వేరు, పదిమందికి పంచడం వేరు. ప్రభుత్వం అందరికీ ఉచితంగా ఇచ్చినవీ, మనం తయారు చేసినవీ అయితే పంచుకోండి.

ఈ పని ఆయనకో అబ్బాయికో వదిలేయకండి. వాళ్ళకు ఫోన్ మార్చడం తెలుసు, ఫోన్‌లో ఏముందో తెలియదు. ఏ వర్క్‌షీటు దగ్గర పిల్లవాడు ఏడ్చాడో, ఏ వీడియో చూశాక లెక్క పట్టుబడిందో మనకే తెలుసు. కందుల్లో వేపాకు వేసి ఏడాది పొడుగునా నిలిపేవాళ్ళం, నాలుగు ఫోల్డర్లు సర్దలేమా?

ఇంతా చేసి, ఆడబిడ్డకు పంపడానికి నా దగ్గర మిగిలింది ప్రింటు తీసిన కొన్ని వర్క్‌షీట్లు, నేను రాసిన రెండు నోట్‌బుక్కులు. మిగతా పాఠాలు, పుస్తకాలు ఇద్దరం కలిసి మళ్ళీ వెతికి దించుకుంటున్నాం. చాలావరకు దొరుకుతున్నాయి కూడా. దొరకదనుకున్నది ఒక్కటే. ఆ రోజుల్లో తెలుగు పాఠంలో ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక కథ విని రాయమంటే, మా అత్తమ్మ పిల్లలకు కథ చెప్పింది. ఫోన్‌లో రికార్డు చేశాను. అత్తమ్మ పోయి మూడేళ్ళయింది. ఆ కథ ఆ ఉబ్బిన ఫోన్‌లోనే ఉండిపోయింది, దాన్ని ఏ వెబ్‌సైటూ మళ్ళీ ఇవ్వదు.

ఆ సంగతి చెబితే మా ఆడబిడ్డ కాసేపు మాట్లాడలేదు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఏదో వచ్చింది. అప్పట్లో నేనే ఆమెకు పంపానట, నాకు గుర్తే లేదు. ఆమె ఫోన్ మార్చినప్పుడు షాపతను పాతవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చాడట. ఆరు నిమిషాల కథ. మధ్యలో అత్తమ్మ "ఊ కొట్టుండ్రి పోరగాండ్లూ" అంటుంది.

దాన్ని అప్పుడే మూడు చోట్ల పెట్టాను. మా ఆడబిడ్డ కొడుకు తెలుగు చదువు ఆ కథతోనే మొదలుపెట్టాడు.