నీరసానికీ ఒక పేరుంది: మన మెట్ట తండాల్లో థైరాయిడ్



మన ఇళ్లల్లో ఒక ఆడమనిషి పొద్దున్నే లేవలేకపోతే ఏమంటారో మీకు తెలుసు. "ఒళ్లు బరువెక్కింది, బద్ధకం" అంటారు. మిరపకోతల్లో పక్కవాళ్లతో పాటు సాలు అందుకోలేకపోతే "దానికి పని మీద మనసు లేదు" అంటారు. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే అత్తగారింట్లో అనే మాటలు ఇక్కడ రాయక్కర్లేదు. కోచింగ్‌కి వెళ్లిన పిల్ల చదివింది గుర్తుండటం లేదని ఏడిస్తే "ఫోన్ పక్కన పెట్టు" అంటారు. ఈ మాటలు పడేవాళ్లలో కొందరికి ఉన్నది బద్ధకం కాదు, జబ్బు. దానికి పేరుంది, పరీక్ష ఉంది, చౌకైన మందుంది. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల తండాల్లో, యానాది, ఎరుకుల కాలనీల్లో ఆ పేరు చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

థైరాయిడ్ అనేది గొంతు ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. ఒంట్లో ప్రతి పని ఎంత వేగంతో జరగాలో అది తయారుచేసే హార్మోన్ చెబుతుంది. గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం, ఒళ్లు వెచ్చగా ఉండటం, నెలసరి, జ్ఞాపకం, అన్నిటి మీదా దాని చెయ్యి ఉంటుంది. అది తక్కువైతే మనిషి లో వోల్టేజీ కరెంటు మీద తిరిగే మోటారులా అయిపోతాడు. ఆగిపోడు, కానీ నీళ్లు ఎక్కవు. నీరసం, చలి ఓర్చుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బినట్టుండటం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, మతిమరుపు, ఏ కారణం లేకుండా దిగులు, ఇవన్నీ దాని గుర్తులు. ఇందులో ఏ ఒక్కటి విడిగా చూసినా మామూలు కష్టంలాగే కనిపిస్తుంది. అందుకే ఈ జబ్బు ఏళ్ల తరబడి దాక్కుని ఉండగలదు. ఇది మగవాళ్లకూ వస్తుంది గానీ ఆడవాళ్లలో చాలా ఎక్కువ.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. నీరసం అని చెబితే ఆర్.ఎం.పి. దగ్గర బలానికి సూది, లేదంటే ఒక సెలైన్. ఏ.ఎన్.ఎం. అక్క దగ్గరికి పోతే రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు. రక్తహీనత మన ఆడవాళ్లలో నిజంగానే ఎక్కువ కాబట్టి ఆ మాత్రలు తప్పు కాదు. అయితే అక్కడితో ఆగిపోవడమే ఇబ్బంది. థైరాయిడ్ తక్కువైతే రక్తహీనత కూడా రావచ్చు, నెలసరిలో రక్తం ఎక్కువ పోయీ రావచ్చు. ఐరన్ మూడు నెలలు మింగినా నీరసం పోలేదంటే ఇంకో ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న పేరు టీఎస్‌హెచ్.

టీఎస్‌హెచ్ అంటే ఏంటో ఒక్క నిమిషం. మెదడు కింద పిట్యూటరీ అని ఒక గ్రంథి ఉంది. అది మేస్త్రీ లాంటిది. థైరాయిడ్ సరిగా పనిచేస్తుంటే మేస్త్రీ నెమ్మదిగా మాట్లాడతాడు. పని తగ్గితే కేకలు పెంచుతాడు. ఆ కేకల కొలతే టీఎస్‌హెచ్. అందుకే రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని అర్థం. చాలామంది ఇక్కడ తికమకపడతారు. మీ యాడి రిపోర్టు మీరే చదవాల్సి వస్తుంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

కొంచెం చరిత్ర. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు, ఈ జబ్బు బాగా ముదిరిపోయిన ఒక మహిళకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఎక్కించాడు. ఆమె కోలుకుని ఇంకో 28 ఏళ్లు బతికింది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ హార్మోన్‌ని విడిగా తీశాడు. ఇవాళ లీవోథైరాక్సిన్ పేరుతో మాత్రగా దొరికేది అదే హార్మోన్. మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఇది ఉంది. అంటే ఇది పెద్దోళ్ల జబ్బుకి పెద్దోళ్ల మందు కాదు, నూరేళ్ల నుంచి ప్రపంచానికి తెలిసిన సంగతి. మన తండాదాకా మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

ఈ కథలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. థైరాయిడ్ పనిచెయ్యాలంటే అయోడిన్ కావాలి. అది తక్కువైన కొండ ప్రాంతాల్లో గొంతు వాపు, పుట్టే పిల్లల్లో బుద్ధిమాంద్యం ఊళ్లకు ఊళ్లలో ఉండేవి. 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఆయన బృందం ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతు వాపులు బాగా తగ్గాయి. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తర్వాత వాళ్లకీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 2006 నుంచి తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని దేశమంతా నిషేధం ఉంది. జబ్బు మనుషుల తప్పు కాదు, అది వాళ్లకు అందనిదాని వల్ల వస్తోందని ముందు గుర్తించారు. ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చళ్లకని తెచ్చిన రాళ్ల ఉప్పునే కూరల్లోనూ వాడే ఇళ్లు మనకు ఉన్నాయి. కూరకు అయోడిన్ ఉప్పు వాడండి, డబ్బా మూత పెట్టి ఉంచండి. అయితే ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ బాగవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అయోడిన్ అందుతున్నచోట పెద్దవాళ్లలో ఈ జబ్బుకు ఎక్కువగా కారణం వేరే. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. జపాన్ డాక్టరు హషిమోటో 1912లో దీన్ని వివరించాడు, ఆయన పేరే పెట్టారు. ఇలా దెబ్బతిన్న గ్రంథికి పసరు, పొడి, మంత్రం ఏదీ పనిచెయ్యదు. "ఆరు నెలల్లో మాత్ర మానిపిస్తాం" అని వీడియోల్లో అమ్మేవాడికి మీ యాడి మిరపకూలి డబ్బులు ఇవ్వకండి.

మరి బాగుపడతామా? అవును, చాలామంది బాగుపడతారు. కానీ సూది వేయగానే జ్వరం తగ్గినట్టు కాదు. మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు తేడా తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చేయించి డాక్టరు మోతాదు సరిచేస్తారు. సరైన మోతాదు దొరకడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ తర్వాత చాలామందికి మాత్ర జీవితాంతం కావాలి. బాగున్నాం కదా అని మధ్యలో మానేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. త్వరగా బాగవ్వాలని, సన్నబడాలని రెండేసి మింగితే గుండె దడ, ఎముకలు పలచబడటం లాంటి ప్రమాదాలున్నాయి.

ఇప్పుడు మన బతుకుకు సంబంధించిన అసలు మాట. మాత్ర పరగడుపున మింగాలి, టీ తాగడానికి, తినడానికి కనీసం అరగంట, కుదిరితే గంట ముందు అని చెబుతారు. కూలికి తెల్లవారుజామునే ఆటో ఎక్కే మనిషికి ఇది ఎలా కుదురుతుందో చెప్పినవాళ్లు ఆలోచించరు. దారి ఉంది. నాలుగింటికి లేవగానే నీళ్లతో మాత్ర, ఇల్లు ఊడ్చి, వంట చేశాక టీ. అదీ కుదరకపోతే రాత్రి అన్నం తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, అదీ పనిచేసే పద్ధతే. ముఖ్యంగా ఇది వినండి: ఏ.ఎన్.ఎం. ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. నాలుగు గంటలు ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి గుప్పెట్లో వేసుకుని మింగే అక్కలు ఎందరో ఉన్నారు. మందు పనిచెయ్యడం లేదని మోతాదు పెంచుతూ పోతారు, లేదా విసుగొచ్చి మానేస్తారు. ఒక్క వాక్యం చెప్పేవాళ్లు లేక జరిగే నష్టం ఇది. సీసాని రేకుల కింద ఎండ తగిలే అరలో పెట్టకండి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి.

టీఎస్‌హెచ్ సరైనా నీరసం పోని వాళ్లూ కొందరుంటారు. వాళ్లది నటన కాదు. రక్తహీనత, షుగర్, బీ12 లోపం, నిద్రలేమి, దిగులు, ఇంట్లో కొట్లాటలు, ఏదైనా పక్కన ఉండొచ్చు. అవీ చూడమని అడగాలి. "రిపోర్టు నార్మల్, పో" అంటే కదలకుండా కూర్చుని ఇంకో ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

గర్భిణుల విషయం ఆలస్యం చేయకూడదు. మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. అప్పటికే మాత్ర వాడుతున్న చెల్లెలు నెల తప్పిన వెంటనే డాక్టరుకు చెప్పాలి, సాధారణంగా మోతాదు పెంచాల్సి వస్తుంది. భయపడి మానెయ్యకూడదు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే థైరాయిడ్ పనిచెయ్యదు. మడమ నుంచి తీసే ఒక రక్తపు చుక్కతో అది తెలుస్తుంది. మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే చదువుకుంటుంది. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు.

ఇంత తెలిసిన జబ్బుని మన దగ్గర ఎందుకు లెక్కపెట్టరు? 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షించింది. సుమారు నూటికి 11 మందిలో థైరాయిడ్ తక్కువుంది. అందులో దాదాపు మూడో వంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నగరంలోనే అలా ఉంటే వత్సవాయి మండలం తండాలో ఎంతమందికి తెలిసుంటుందో మీరే ఊహించండి. ఇంటింటి సర్వేలో బీపీ, షుగర్, క్యాన్సర్ అడుగుతారు, మంచిదే. థైరాయిడ్ అడగరు. పైగా మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఎన్టీఆర్ జిల్లాకు సొంత ఐటీడీఏ లేదు. ఏజెన్సీ అంటే కనీసం ఒక ఆఫీసు, ఒక పీవో గుర్తొస్తారు. మైదాన ప్రాంత గిరిజనుడు అటు ఏజెన్సీ లెక్కలో ఉండడు, ఇటు పట్నం లెక్కలో ఉండడు. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని మింగాక బయటి ప్రపంచం అటు చూసిందో మనకు తెలుసు. థైరాయిడ్ అలా చంపదు, నిజమే. అది మనిషిని బతికుండగానే సగం చేస్తుంది. అందుకే ఎవరూ ధర్నా చెయ్యరు, ఏ పేపరూ రాయదు.

"పట్టాలు లేవు, ఇళ్లు లేవు, థైరాయిడ్ గోలేంటి" అని మనలోనే అడిగేవాళ్లుంటారు. పట్టా కోసం ఆఫీసు మెట్లెక్కేది ఎవరు? పొయ్యి దగ్గర, చేలో, మీటింగులో నిలబడేది ఎవరు? ఆ ఒంట్లో ఓపిక లేకపోతే మిగతా పోరాటం ఎవరు మోస్తారు? అందరికీ పరీక్ష చెయ్యమని కూడా మనం అడగడం లేదు. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగితే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, రెండోసారి చూసి గానీ మందు మొదలుపెట్టరు. గుర్తులున్నవాళ్లకు, గర్భిణులకు, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు చెయ్యమంటున్నాం.

అడగాల్సింది నాలుగు మాటల్లో ఉంది. రక్తం మన విలేజ్ క్లినిక్‌లోనే తీసి పేట, నందిగామ ప్రభుత్వ ఆసుపత్రులకు పంపాలి, రిపోర్టు కోసం ఒక కూలి, బస్సు చార్జీ పోకూడదు. లీవోథైరాక్సిన్ రెండు మూడు నెలలకు సరిపడా పీహెచ్‌సీలో ఇవ్వాలి. ప్రతి గర్భిణికి మొదటి పరీక్షల్లోనే టీఎస్‌హెచ్, ప్రతి బిడ్డకు మడమ చుక్క పరీక్ష ఉండాలి. తండాల వారీగా లెక్క బయటపెట్టాలి. గ్రామసభలో తీర్మానం పెట్టండి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గత ఏడాది మీ పీహెచ్‌సీకి ఎన్ని టీఎస్‌హెచ్ పరీక్షలు, ఎన్ని మాత్రలు వచ్చాయో సమాచార హక్కు కింద అడగండి. ప్రజారోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణలోనే ఉంది.

అర్జీ కన్నా ముందు ఇంట్లో చెయ్యాల్సింది ఒకటుంది. ఎవరైనా "అది బద్ధకస్తురాలు" అంటే అక్కడే ఆపండి. "పరీక్ష చేయించారా?" అని అడగండి. చదువుకున్న తమ్ముడు ఒక రోజు సెలవు పెట్టి వదిననో, యాడినో వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోతే, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఒక చీటీ రాసి గోడకు అంటిస్తే, ఆ ఇంట్లో వెలుగొస్తుంది. బాగుండాలని కోరుకోవడం మనకు దొరకని విలాసం ఏమీ కాదు. ఈ వారమే మీ ఇంట్లో ఒకరిని అడగండి, ఒంట్లో ఎలా ఉందని. జవాబు చివరిదాకా వినండి.