ముందు నీటిని చూడండి



అమెరికాలో బిడ్డలున్న మన కుటుంబాల వారు కొందరు ఈ మధ్య మమ్మును ఒక ప్రశ్న అడిగిరి. "మా అబ్బాయి ఇంట్లో గాజుతొట్టెలో ఉప్పునీరు పోసి పగడాలు పెంచుతున్నాడండి. చాలా డబ్బు పోసి కొన్నాడు. ఇప్పుడవి తెల్లబడిపోతున్నాయి. వాటిని బ్రతికించే దారి ఉందా?" అని. దారి ఉన్నది. అది తెలిసికొనుట ఇక్కడున్న మనకును మేలే.

పగడమనగానే మనకు మెడలోని ఎర్రని దండయో, యోబు గ్రంథములో చదివిన పేరో గుర్తుకు వచ్చును. దండలోని ఎర్ర పగడము వేరు, మేము చెప్పుచున్న రాతి పగడము వేరు. ఇది చూచుటకు రాయివలె ఉండును గాని ప్రాణమున్నది. గింజంత జీవులు వందలు వేలుగా కలిసి, తమ క్రింద సున్నముతో ఇల్లు కట్టుకొని బ్రతుకును. వాటి కండలో కంటికి కనబడని నాచు కాపురముండును. ఆ నాచు వెలుగులో ఆహారము తయారుచేసి పగడమునకు పెట్టును. నీరు మితిమీరి వేడెక్కినా, ఉప్పు తేడా వచ్చినా, వెలుగు ఒక్కసారిగా పెరిగినా ఈ కాపురము చెడును. నాచు వెళ్లిపోవును, పగడము తెల్లబడును.

అయితే తెల్లబడినదంతా చచ్చినది కాదు. దగ్గరగా చూచినప్పుడు రాతిమీద పలుచని కండ ఇంకా ఉంటే, అది ఆకలితోనున్న ప్రాణి. దానిని పారవేయరాదు. కండ ఊడి ఉత్త సున్నపురాయి తేలిన భాగము మాత్రమే చనిపోయినది.

ఈ స్థితిలో చాలామంది మందు సీసా కొరకు పరుగెత్తుదురు. మేము చెప్పునది ఒక్కటే: ముందు నీటిని చూడండి. కిలో నీటికి ఉప్పు 35 గ్రాములు, వేడి 25, 26 డిగ్రీల సెల్సియస్, కాల్షియం లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాములు ఉండవలెను. తొట్టెలో నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. ఉప్పుమడులలో మనము చూచునదే. గనుక తగ్గిన మేరకు ఉప్పు లేని శుద్ధమైన నీరే పోయవలెను. కుళాయి నీటిలో క్లోరిను, రాగి ఉండవచ్చును గనుక ఆర్.ఓ. నీరు వాడుట మేలు.

లోపము కనబడినను ఒక్క రోజులో సరిచేయరాదు. నీరసించిన ప్రాణికి హఠాత్తు మార్పు రెండవ దెబ్బ. కొన్ని రోజులు పట్టి, కొద్దికొద్దిగా మార్చవలెను. వెలుగు కొంత తగ్గించి, నీటికి కదలిక ఉంచి, సన్నని ఆహారము కొంచెము కొంచెముగా ఇవ్వవలెను. నాచు తిరిగి చేరుటకు వారాలు, నెలలు పట్టును.

ఒక్క జబ్బు విషయములో మాత్రము ఆలస్యము కూడదు. కండ గంటగంటకు ఊడిపోవుచుంటే, బాగున్న కొమ్మను జబ్బు తగిలిన చోటికి ఎడముగా విరిచి వేరే రాతికి అతికించవలెను. గులాబికొమ్మ నాటినట్లే అది మరల పెరుగును.

సముద్రములోను ఇదే కష్టము వచ్చినది. 2014లో ఫ్లోరిడాలో, మయామి దగ్గర, రాతి పగడముల కండ ఊడిపోవు జబ్బు బయటపడెను. 20కి పైగా జాతులకు అది సోకెను. నీటిలో మునిగి, గాయముపై అమాక్సిసిలిన్ కలిపిన ముద్ద పూసిరి. చాలా గాయములు ఆగెను. కాని అదే పగడముపై మరొకచోట క్రొత్త గాయము రావచ్చును. అందుచేత జబ్బు చేరకముందే మంచి పగడములను తీసి గట్టుమీది అక్వేరియములలో భద్రపరచిరి. 2023 వేసవిలో అక్కడి సముద్రము విపరీతముగా వేడెక్కినప్పుడు, సముద్రములో పెంచుచున్న పగడములను వేలాదిగా గట్టుమీది తొట్టెలకు చేర్చిరి. సరియైన నీరున్న తొట్టెయే వాటికి ఆశ్రయమాయెను.

మన దేశములో రాతి పగడములు అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో ఉన్నవి. 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటిని కాపాడుచున్నది. వాటిని తీయుట, అమ్ముట నేరము. గనుక సముద్రతీరమునకు యాత్ర పోయినప్పుడు ఎవరైనా తెల్లని పగడపు కొమ్మ చూపి బేరమాడితే కొనకండి. అది ఒక ఊరంత కాపురము కూలిన గుర్తు.

అమెరికాలోని బిడ్డలకు ఈసారి ఫోను చేసినప్పుడు ఈ మాట చెప్పండి: "నాయనా, మందు కొనకముందు నీరు కొలువు. రోజూ ఒకే వేళకు కొలిచి పుస్తకములో వ్రాసికో. తొందరపడకు."