టైమ్ మాటలు పట్టుకుంటే టెన్సులు అవే వస్తాయి



ఇంగ్లీషు గ్రామర్ అనగానే మన హాస్టళ్లలో ముందు కనిపించేది 12 టెన్సుల టేబుల్. హైస్కూల్లో బట్టీ పడతాం, డిగ్రీలోనూ అదే బట్టీ. తీరా ఒక వాక్యం రాయమంటే పెన్ను కదలదు. మేం చెప్పేది ఒక్కటే. టేబుల్ సంగతి తర్వాత, ముందు కాలాన్ని చెప్పే మాటలు నేర్చుకుందాం. యెస్టర్‌డే, ఎగో, సిన్స్, ఫర్, స్టిల్, యెట్, నెవర్. ఏ టెన్స్ వాడాలో చాలాసార్లు ఈ మాటలే చెప్పేస్తాయి.

మన తప్పులు ఎక్కువగా మూడు తెలుగు మాటల దగ్గర పుడుతున్నాయి.

మొదటిది 'నుంచి'. '2022 నుంచి చదువుతున్నాను', 'మూడేళ్ల నుంచి చదువుతున్నాను' అని రెండు చోట్లా ఒకటే మాట వాడతాం. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. మనం తెలుగును అలాగే దించేసి 'ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అంటాం. సరైనది 'ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ త్రీ ఇయర్స్'.

రెండోది 'ఇంకా'. 'ఇంకా ఇక్కడే ఉన్నాడు' అంటే 'హి ఈజ్ స్టిల్ హియర్'. 'ఇంకా రాలేదు' అంటే 'హి హాజ్ నాట్ కమ్ యెట్'. మనకు ఒక మాట, వాళ్లకు రెండు.

మూడోది 'ఎప్పుడూ'. 'ఎప్పుడూ అబద్ధం చెప్తాడు' అంటే ఆల్వేస్. 'ఎప్పుడూ అబద్ధం చెప్పడు' అంటే నెవర్. తెలుగులో 'కాదు' అనే అర్థం క్రియలో ఉంది, ఇంగ్లీషులో నెవర్ లోపలే ఉంది. అందుకే 'హి నెవర్ టెల్స్ లైస్' అంటే సరిపోతుంది, మళ్లీ నాట్ పెట్టక్కర్లేదు.

ఇక యెస్టర్‌డే, ఎగో, లాస్ట్ ఇయర్ అన్నామంటే ఆ కాలం అయిపోయినట్టే. అక్కడ సింపుల్ పాస్ట్ రావాలి. 'ఐ హావ్ జాయిన్డ్ యెస్టర్‌డే' తప్పు, 'ఐ జాయిన్డ్ యెస్టర్‌డే' ఒప్పు. ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే ప్రశ్నలు ఇలాంటివే.

ఇదంతా మార్కుల కోసమేనా అంటే, కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి మనవాళ్లు ఆ భూమి మీద ఉండాలి. ఊళ్లో పెద్దవాళ్లు ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని మన చేతికే కాగితం ఇస్తారు. 'వి కల్టివేటెడ్ దిస్ ల్యాండ్ ఫర్ టెన్ ఇయర్స్' అని రాస్తే, ఒకప్పుడు పదేళ్లు సాగు చేసి వదిలేశారన్న అర్థం వస్తుంది. 'వి హావ్ బీన్ కల్టివేటింగ్ దిస్ ల్యాండ్ సిన్స్ 2003' అంటే అప్పటి నుంచి ఇప్పటిదాకా మేమే దున్నుతున్నామని. పోడు భూమి విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ఇంకో సంగతి. మనలో చాలామందికి తెలుగే రెండో భాష. గోండి, కోయ, కొలామి, కువి ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానిది, లంబాడీ ఇండో ఆర్యన్. ఒక్కో భాషకు కాలం చెప్పే తీరు ఒక్కోటి. హిందీలో 'కల్' అంటే నిన్న, రేపు కూడా. మన 'మొన్న'కి ఇంగ్లీషు వాడుకలో ఒక్క మాట లేదు, 'ద డే బిఫోర్ యెస్టర్‌డే' అని నాలుగు మాటలు కావాలి. కాబట్టి ఏ భాషా తక్కువది కాదు, మన పిల్లలు మొద్దులూ కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, పరీక్షలో ఇంకోటి మోస్తున్న పిల్లలు వాళ్లు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఆ వసతులు అడుగుదాం. అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు తమ్ముళ్లను, చెల్లెళ్లను కూర్చోబెట్టండి. ఒక చార్టు తీసుకుని మూడు గళ్లు గీయండి. మన భాషలో ఒక వాక్యం, పక్కన తెలుగు, ఆ పక్కన ఇంగ్లీషు. విడి మాటలు వద్దు, పూర్తి వాక్యాలు రాయండి. రోజుకు ఐదు చాలు. మన భాషలో 'ఇంకా రాలేదు' ఎలా అంటారో పిల్లలనే అడగండి. అక్కడ మొదలుపెడితే ఇంగ్లీషు అంటే భయం సగం పోతుంది.