గాయం చెప్పిందే రాయాలి

సైన్యంలో సర్జన్‌గా చేసి వచ్చానని తెలియగానే పెళ్లిళ్లలోనూ రైళ్లలోనూ అందరూ అడిగేది ఒక్కటే: "బుల్లెట్లు తీశారా డాక్టరుగారూ?" తీశాను. అదేమంత గొప్ప పని కాదు. చాలాసార్లు దాన్ని ఉన్నచోటే వదిలేయడం రోగికి మంచిది కూడా. అసలు కష్టమంతా వేరే రెండింటిలో ఉంది. గుడారం బయట స్ట్రెచర్లు వరసగా పడి ఉన్నప్పుడు ముందు ఎవరిని లోపలికి తేవాలో చెప్పడం ఒకటి. పైవాడు ఇంకో మాట ఆశిస్తున్నా, కంటికి కనబడిందే కాగితం మీద పెట్టడం రెండోది. చిత్రమేమిటంటే, యూనిఫారం విప్పి ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో కూర్చున్నాక ఈ రెండూ నాకు మరింత కష్టమయ్యాయి.

ఈ రెండూ చేసి చూపించినవాడు ఒకడున్నాడు. నెపోలియన్ పేరు హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అతని సైన్యానికి వైద్యం చేసిన డొమినిక్ లారే పేరు మెడికల్ కాలేజీలో కూడా మాకెవరూ చెప్పలేదు. 1766లో పిరనీస్ కొండల్లోని ఒక పల్లెలో పుట్టాడు. పదమూడేళ్లకే తండ్రి పోతే, తులూజ్‌లో సర్జన్‌గా ఉన్న తండ్రి సోదరుడి దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. కొన్నాళ్లు నౌకాదళంలో చేసి న్యూఫౌండ్‌లాండ్ దాకా వెళ్లొచ్చాడు గానీ, ఓడ ప్రయాణం ఒంటికి సరిపడక మానేశాడు.

1792లో రైన్ నది సరిహద్దుకు వెళ్లేసరికి అక్కడి పద్ధతి చూసి అతనికి కడుపు మండింది. వైద్యుల బళ్లు యుద్ధరంగానికి కోసుల దూరంలో ఆగాలని నిబంధన. పోరు ముగిసేదాకా గాయపడ్డవాడు పడినచోటే పడి ఉండాలి. అంటే ఒక పగలు, ఒక్కోసారి రాత్రి కూడా. అదే మైదానంలో గుర్రాలు లాగే తేలిక ఫిరంగులు ఒక మూల నుంచి ఇంకో మూలకు దౌడు తీస్తున్నాయి. ఫిరంగి పరిగెత్తగలిగినప్పుడు సర్జన్ ఎందుకు పరిగెత్తకూడదన్నాడు లారే. స్ప్రింగుల మీద ఊగే, రెండు చక్రాల తేలికపాటి బళ్లు చేయించి, కాల్పులు జరుగుతుండగానే సర్జన్లను వాటితో ముందుకు పంపాడు. ఈజిప్టులో ఆ బళ్లు ఇసుకలో నడవకపోతే ఒంటెలకు రెండువైపులా బుట్టలు కట్టించాడు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఇవాళ మన ఊళ్లన్నీ తిరుగుతున్న 108 బండికి ముత్తాత ఆ బండే.

బండికన్నా పెద్ద మార్పు అతను పెట్టిన వరసక్రమం. ప్రాణం మీదికి వచ్చినవాడు ముందు, ఆగగలిగినవాడు తరవాత. జనరలా, బంట్రోతా అన్న ప్రశ్నే లేదు. శత్రుసైనికుడైనా అదే లెక్క. రాజుల కాలం నుంచి అప్పుడప్పుడే బయటపడుతున్న దేశంలో ఈ మాట అనడం తేలిక కాదు. 1809లో వియన్నా దగ్గర ఓడిన సైన్యం డాన్యూబ్ నదిలోని లోబావ్ దీవిలో చిక్కుకుంది. గాయపడ్డవాళ్లకు పెట్టడానికి ఏమీ లేదు. లారే గుర్రాలను కోయించి, అశ్విక సైనికుల ఇనుప కవచాలనే గిన్నెలుగా పొయ్యి మీద పెట్టించి సూపు కాయించాడు. ఉప్పు లేదు. బదులుగా తుపాకి మందు వేశారు. ఆ గుర్రాలు అధికారులవి.

ఒక సర్జన్‌గా ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. కాలో చెయ్యో నుజ్జయితే మొదటి 24 గంటల్లోనే తీసేయాలని లారే పట్టుబట్టాడు. ఆలస్యమైతే కుళ్లు పడుతుంది, కుదుపుల ప్రయాణంలో రక్తం పోతుంది. 1812లో బొరొడినో యుద్ధం రోజున ఒక్క పగలూ రాత్రిలో ఇలాంటి ఆపరేషన్లు రెండు వందల దాకా చేశాడు. ఈథర్ మత్తు 1846లో గానీ రాలేదు. అప్పటికి లారే పోయి నాలుగేళ్లయింది. కాబట్టి ఆ రెండు వందల మందీ మెలకువగానే ఉన్నారు. ఆ 1812లోనే రష్యా నుంచి వెనుదిరిగినప్పుడు, బెరెజీనా వంతెన దగ్గర జనం ఒకరినొకరు తొక్కుకుంటున్న సమయంలో, లారేను గుర్తుపట్టిన సైనికులు అతన్ని చేతుల మీద ఎత్తి, ఒకరి తలమీంచి ఇంకొకరికి అందిస్తూ అవతలి ఒడ్డుకు చేర్చారు. వరస తప్పని డాక్టరు కోసం వాళ్లు తమ వరస వదులుకున్నారు.

అయినా నేను లారేకు దణ్ణం పెట్టేది ఆ బండికో, కత్తివేగానికో కాదు. 1813 జూన్ నెలలో అతను చేసిన పనికి. రష్యా మంచులో అసలు సైన్యం కరిగిపోయాక, మీసాలు సరిగా రాని కుర్రాళ్లను పోగుచేసి నెపోలియన్ జర్మనీలోకి నడిచాడు. లుట్సెన్‌లో, బౌట్సెన్‌లో గెలిచాడు గానీ ఆసుపత్రుల నిండా ఒకే రకం గాయాలు. వేళ్లు ఎగిరిపోయినవాళ్లు, అరచేతిలోంచి గుండు దూరినవాళ్లు. యుద్ధం తప్పించుకోవడానికి తమ చేతుల మీద తామే కాల్చుకున్నారన్నారు సేనానులు. రుజువైతే కాల్చిచంపుతారు. చక్రవర్తికి ఆ మాట నమ్మకం కుదిరింది కూడా. కొందరు సర్జన్లు సైతం అవునన్నారు. లారే కాదన్నాడు. అయితే నువ్వే తేల్చమని అతని అధ్యక్షతన వైద్యుల సంఘం వేశారు.

తుపాకి గాయం చూసినవాళ్లకు తెలుసు. దగ్గర నుంచి పేలితే గాయం అంచు మసిబారుతుంది, కాలని మందు రవ్వలు చర్మంలోకి నల్లచుక్కల్లా దిగుతాయి. ఎంత తుడిచినా పోవు. కానీ ఆ మసి దూరాన్ని చెబుతుంది గానీ ట్రిగ్గర్ మీద వేలు ఎవరిదో చెప్పదు. వెనకవాడి తుపాకి జానెడు దూరంలో పేలినా మసి అలాగే పడుతుంది. లారే 2,600 మందికి పైగా కుర్రాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, కట్టు విప్పి చూశాడు. ఎప్పుడు తగిలింది, ఎక్కడ నిలబడ్డావు అని అడిగాడు. తేలిందేమిటంటే, వాళ్లను మూడు వరసల్లో నిలబెట్టి కాల్పులు జరిపించారు. సరిగా తర్ఫీదు లేని వెనక వరసవాళ్లు ముందువాళ్ల చేతుల మీదుగా కాల్చారు. దానికి తోడు, శత్రువు గట్టు మీదున్నాడు, వీళ్లు తుపాకులు పైకెత్తి ఎక్కుతున్నారు. నేరం చేసింది కుర్రాళ్లు కాదు, తర్ఫీదివ్వకుండా తోలినవాళ్లు. ఒక్కడి మీద కూడా రుజువు లేదని రాసి సంతకం పెట్టాడు.

నివేదిక చూసి మొహం చిట్లించిన నెపోలియన్ కాసేపటికి మెత్తబడి, ఇలాంటి మనిషి దగ్గరుండటం రాజుకు అదృష్టమన్నాడు. బహుమతులు పంపాడు. చివరికి సెయింట్ హెలీనాలో వీలునామా రాస్తూ, తాను ఎరిగినవాళ్లలో ఇంత నీతిపరుడు లేడని లారేకు లక్ష ఫ్రాంకులు రాశాడు. లారేను దేవుణ్ని చేయాలని నాకేం లేదు. ఆ గాయాలన్నిటికీ మూలమైన మనిషిని చివరిదాకా కొలిచాడు. ఇన్ని యుద్ధాలు ఎందుకని ఒక్కసారి కూడా గట్టిగా అడిగినట్టు లేదు. కానీ కాగితం దగ్గరికొచ్చేసరికి ఆ భక్తిని పక్కన పెట్టాడు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మా దగ్గర తుపాకులు తక్కువ. కర్రలు, కొడవళ్లు, పగిలిన బీరు సీసాలు. కొట్లాటలో దెబ్బతిని వచ్చినవాడి వివరాలు ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో రాస్తాం. గాయం ఎక్కడ, పొడవెంత, లోతెంత, అంచులు కోసినట్టున్నాయా చీరుకున్నాయా అని. ఆ తరవాత ఊండ్ సర్టిఫికెట్‌లో చివర ఒక్క మాట: సింపులా (మామూలు గాయం), గ్రీవియస్సా (తీవ్ర గాయం). భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరిగినా పన్ను విరిగినా గ్రీవియస్సే. పెట్టే సెక్షను, బెయిలు, రాజీ బేరంలో చేతులు మారే డబ్బు అన్నీ ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి. అందుకే అర్ధరాత్రి ఫోన్లు.

పంచాయతీ ఎన్నికల గొడవలో ఒకసారి పదిహేనేళ్ల కుర్రాణ్ని తెచ్చారు. చిటికెన వేలు వాచింది. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదు. "సన్నగా చిట్లిందని రాయండి సార్, ఎవరు చూడొచ్చారు" అన్నాడు వెంట వచ్చిన పెద్దమనిషి. ఫిల్ము లైటుపెట్టె మీద పెట్టి, "ఎక్కడో మీరే చూపించండి, రాసేస్తా" అన్నాను. ఆయన నిజంగానే లేచి వచ్చి వేలు పెట్టాడు. ఎదిగే పిల్లలందరికీ ఎముక మొదట్లో ఉండే గీత మీద! రెండో చెయ్యి కూడా ఎక్స్‌రే తీయించి పక్కన పెట్టాను. అక్కడా అదే గీత. "అయితే రెండు చేతులూ విరిగినట్టేగా" అన్నాడు. నవ్వొచ్చింది. వారం తిరక్కుండా నేను లంచం అడిగానని పైకి పిటిషన్ వెళ్లింది. నవ్వు ఆగిపోయింది.

సైన్యంలో కమాండింగ్ ఆఫీసరు నన్ను ఎన్నో విషయాల్లో ఆజ్ఞాపించగలడు. గాయం మాత్రం నా ఇలాకా. అక్కడ కెప్టెన్ మాట కల్నల్ కొట్టేయడు. ఇక్కడ జూనియర్ డాక్టర్ వెనక ఎవరూ లేరు. రోడ్డు ప్రమాదంలో కడుపులో రక్తం కారుతున్న కూలీని వదిలి, మోచెయ్యి గీసుకుపోయిన నాయకుడి బామ్మర్దికి ముందు కట్టు కట్టమంటే, కాదనే కుర్రడాక్టరు మర్నాడు ఏజెన్సీ ఏరియాకు బదిలీ అవుతాడని వాడికీ తెలుసు, ఫోన్ చేసినవాడికీ తెలుసు. పోలీసు తతంగం తరవాత, ప్రాణం ముందు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సిఫారసు తరవాత అని ఏ కోర్టూ విడిగా చెప్పలేదు, చెప్పాల్సి వస్తుందని అనుకుని ఉండరు.

ప్రభుత్వం చేయగలిగింది పెద్ద ఖర్చు లేనిదే. క్యాజువాలిటీ గుమ్మంలోనే నర్సు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీ కట్టాలి. ఆ రంగు మార్చే అధికారం డ్యూటీ డాక్టరుకు తప్ప సూపరింటెండెంటుకు కూడా ఉండకూడదు. ఊండ్ సర్టిఫికెట్ ఎక్స్‌రేతో సహా అదే రోజు కంప్యూటర్లోకి ఎక్కాలి, ఎక్కాక దిద్దడానికి వీల్లేకుండా. దానిమీద ఫిర్యాదు వస్తే బయటి జిల్లా సర్జన్లు చూసి తేల్చాలి. తేలేదాకా ఆ డాక్టరును కదిలించకూడదు.

ఇక మీరు. మీవాళ్లెవరికైనా దెబ్బ తగిలి ఆసుపత్రికి వస్తే, డ్యూటీ డాక్టరు పేరూ మీరు వచ్చిన టైమూ రాసిపెట్టుకోండి. వైద్యం ఆలస్యమైతే గట్టిగా అడగండి. కేస్ షీట్ కాపీ కావాలని కాగితం ఇవ్వండి, 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి నిబంధన ఉంది. ఏం రాయాలో మాత్రం చెప్పకండి, ఎవరిచేతా చెప్పించకండి.