బంతి తప్ప అన్నీ కనిపిస్తాయి

టెలివిజనులో టెన్నిసు చూడడం ఒక తపస్సు. పూర్వం తపస్సులకు విఘ్నం కలిగించడానికి ఇంద్రుడు అప్సరసలను పంపేవాడట. ఈ కాలంలో ఆ పని సబ్బుల కంపెనీలవాళ్లూ మోటారు సైకిళ్లవాళ్లూ తమ మీద వేసుకున్నారు.

మాది బొంరాస్‌పేట. పరిగికీ కొడంగల్‌కూ నడుమ ఉన్న ఊరు. కందిచేలకు కొదవ లేదు గాని, నాకు తెలిసి మా వీధిలో టెన్నిసు రాకెట్టు చేత పట్టినవాడు ఒక్కడూ లేడు. అయినా టెన్నిసు చూసేవాళ్లు ఉన్నారు. ఆ పుణ్యం సానియా మీర్జాది. ఆ పిల్ల పుట్టింది బొంబాయిలోనైనా పెరిగింది హైదరాబాదులో. 2005 జనవరిలో మెల్బోర్నులో మూడో రౌండుదాకా వెళ్లి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడిపోయి వచ్చింది. మర్నెల ఫిబ్రవరిలో హైదరాబాదు పోటీలోనే కప్పు గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ కప్పు గెలిచిన మొదటి భారతీయ వనిత ఆమే. అప్పటినుంచి మా అమ్మకు టెన్నిసంటే "మన పిల్ల ఆడే ఆట". రూల్సు తెలియకపోయినా ఇంట్లో హక్కు మాత్రం ఏర్పడింది.

హక్కు ఏర్పడ్డాక కష్టాలు మొదలయ్యాయి.

మొదటిది ప్రకటనల గొడవ. ఇందులో తిరకాసు ఏమిటో చాలామందికి తెలియదు, చెబుతాను. టెన్నిసులో సెట్టు మొదటి గేము కాగానే ఆటగాళ్లు పక్కలు మారుతారు. ఆపైన రెండేసి గేములకు ఒకసారి మారుతారు. మారినప్పుడు కుర్చీలో కూచుని నీళ్లు తాగి మొగం తుడుచుకోవడానికి తొంభై సెకన్ల గడువు. సెట్టు ముగిస్తే నూట ఇరవై. ఆ తొంభై సెకన్లే చానలువారికి పంటకాలం. ముప్ఫయి సెకన్ల ప్రకటనలు మూడు వేస్తే లెక్క సరిపోతుంది. సరిపోనివ్వరు! నాలుగోది కూడా దూరుస్తారు. తిరిగి వచ్చేసరికి తెర మూలన 15-0 అని ఉంటుంది. ఆ పదిహేను ఎవరు సంపాదించారు, ఎలా సంపాదించారు అన్నది దేవరహస్యం. ఇంకా విచిత్రం, సెట్టులో మొదటి గేము తర్వాత పక్కలు మారడమే గాని కూచోవడం లేదు. టై బ్రేకులో ఆరు పాయింట్లకోసారి మారినప్పుడూ అంతే. ఆ సంగతి తెలియని మహానుభావుడెవరో అక్కడ కూడా మీట నొక్కుతాడు. మనకు పళ్లపొడి కనిపిస్తూ ఉండగా అక్కడ ఆట జరిగిపోతూ ఉంటుంది.

లండనులో ఈ బాధ లేదు. అక్కడ వింబుల్డన్‌ను చూపించే బీబీసీలో ప్రకటనలుండవు. ఇంటింటా లైసెన్సు రుసుము వసూలు చేసుకుంటారు గనక. మనం కూడా నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాం. డబ్బూ కట్టి ప్రకటనలూ చూస్తున్నాం. ఇదెక్కడి ధర్మమో మీరే ఆలోచించండి.

రెండోది కెమెరా చపలత్వం. కోర్టు పొడవు డెబ్బయి ఎనిమిది అడుగులు. దాన్ని చూపడానికి వెనకవైపు ఎత్తున ఒక కెమెరా పెడితే చాలు, బంతీ గీతలూ ఇద్దరు మనుషులూ అన్నీ కనిపిస్తాయి. కాని దర్శకుడికి అది విసుగు. ఉన్నట్టుండి నేలమట్టాన ఉన్న కెమెరాకు మారుతాడు. ఇవతలి ఆటగాడి వీపు తెరంతా నిండుతుంది, అవతలి గీత మాయం. బంతి లోపల పడిందా, బయట పడిందా అన్నది ఆ వీపును అడగాలి. లేదా ప్రేక్షకుల్లో ఒక సినిమా తార కనిపిస్తుంది. ఆమె కళ్లద్దాలు సర్దుకునేదాకా కెమెరా కదలదు. ఈలోగా సర్వీసు అయిపోతుంది. జరిగిన పాయింటునే మళ్లీ మూడు విధాల చూపుతూ కొత్త పాయింటు మింగేయడం మరో విద్య. మా అమ్మకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియక, గెలిచిన ఒక్క పాయింటుకే మూడుసార్లు చప్పట్లు కొట్టేది.

"గిదేందిరా, ఇన్ని పాయింట్లు కొట్టినా లెక్క పెరుగుతలేదు!" అని ఆవిడ ఆశ్చర్యం.

"అమ్మమ్మా, గది మళ్ల చూపెడుతున్నరు. కొత్తగ ఆడింది గాదు," అని మా మేనకోడలు సర్దిచెప్పేది.

నిజానికి టెలివిజను కోసం టెన్నిసు చాలా త్యాగాలు చేసింది. బీబీసీ 1937లోనే వింబుల్డన్‌ను ప్రసారం చేసింది. 1967 జూలైలో రంగుల ప్రసారం మొదలుపెట్టినప్పుడు మొదట చూపిందీ వింబుల్డన్‌నే. తెల్ల బంతి రంగుల తెరమీద సరిగ్గా ఆనడం లేదని 1972లో పసుపుపచ్చ బంతికి అనుమతి ఇచ్చారు. వింబుల్డన్‌వారు మాత్రం పంతం పట్టి 1986దాకా తెల్లబంతి వదలలేదు. బంతి రంగే మార్చుకున్న ఆటకు ఆ బంతిని కాస్త కనబడనివ్వమని కోరే హక్కు లేదూ?

వ్యాఖ్యాతల సంగతి తొందరగా ముగిస్తాను. వాళ్లలో పూర్వపు చాంపియన్లు ఉంటారు. ఆట బాగా ఎరిగినవారు, కాదనను. కాని బంతి ఆడుతున్నంతసేపూ పూర్వం తాము ఆడిన ఆట ముచ్చట్లు చెప్పి, బంతి ఆగాక మౌనం వహిస్తారు. తిరగేసి చేస్తే ఎంత బాగుండును!

అసలు బాధ ఇవేవీ కావు. జంటల ఆటను చూపకపోవడం.

లెక్క చూడండి. పెద్దల విభాగంలో మన దేశపువాళ్లు గెలిచిన గ్రాండ్‌స్లాం కప్పులన్నీ జంటల ఆటలోవే. సింగిల్స్‌లో ఒక్కటీ లేదు. రామనాథన్ కృష్ణన్ 1960లోనూ 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనలు చేరాడు. సింగిల్స్‌లో మనకు అదే శిఖరం. లియాండర్ పేసు పద్ధెనిమిది, మహేశ్ భూపతి పన్నెండు, సానియా ఆరు, అన్నీ డబుల్సూ మిక్స్‌డ్ డబుల్సూ. 2024 జనవరిలో రోహన్ బోపన్న నలభై మూడేళ్ల వయసులో మెల్బోర్నులో కప్పెత్తాడు, అదీ డబుల్సే. మరి మన దేశానికి చూపించే చానలువారు మనవాళ్లు ఆడే ఆటనే చూపవలె గదా? చూపరు. మనవాళ్లు ఎక్కడో పదిహేడో నంబరు కోర్టులో చెమటోడుస్తూ ఉంటే, నిన్న ముగిసిన సింగిల్స్ మ్యాచిని ఇవాళ మళ్లీ వేస్తారు. కింద చిన్న అక్షరాలతో మనవాళ్లు గెలిచారనో ఓడారనో ఒక పంక్తి జరజర పాకిపోతుంది. ఆ పంక్తిని చదివి సంతోషించాలి. దానికి టెలివిజను ఎందుకు, పత్రిక చాలదూ? కృష్ణన్ రోజుల్లో మా పెద్దలు చేసింది అదే.

2015 జూలై 11న మాత్రం ఫైనలు గనక చూపక తప్పలేదు. సానియా, మార్టినా హింగిస్ ఒకవైపు, రష్యా జంట మకరోవా, వెస్నినా మరొకవైపు. సెంటరు కోర్టులో ముందు వేరే ఫైనళ్లు సాగడంతో ఆలస్యమైంది. మొదటి సెట్టు మనవాళ్లు పోగొట్టుకున్నారు, రెండోది టై బ్రేకులో దక్కించుకున్నారు, మూడోదాంట్లో 2-5తో వెనకబడ్డారు. అక్కడినుంచి మూడు గేములు వరసగా గెలిచి 5-5 చేశారు. లండనులో పొద్దు గూకింది, మనకు అర్ధరాత్రి దాటింది. వెలుతురు చాలక ఆట ఆపి పైకప్పు మూసి దీపాలు వేశారు.

మా అమ్మ మాత్రం మంచం మీద నిటారుగా కూచుంది. "ఎందుకాపిన్రు? మన పిల్లకేమన్న అయిందా?" అని అడిగింది. చెప్పేవాళ్లేరీ? తెరమీద ప్రకటనలు నడుస్తున్నాయి. ఆట ఆగిందనీ మళ్లీ మొదలవుతుందనీ ఒక్క ముక్క తెరకు అడుగున వేస్తే ఏం పోయింది? మేనకోడలికి అప్పుడు ఎనిమిదేళ్లు. నిద్ర ఆపుకుంటూ "అయిపోయిందా మామా?" అని నాలుగుసార్లు అడిగింది. తెర మళ్లీ తెరుచుకునేసరికి ఆట నడుస్తోంది. చివరకు 7-5తో మూడో సెట్టు మనదైంది. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లాం గెలిచిన మొదటి భారతీయురాలు మన సానియా. మా అమ్మ లేచి దేవుడి పటం దగ్గర దీపం పెట్టింది, ఆ వేళప్పుడు.

ఇప్పుడు కొందరు సెల్‌ఫోనులోనే ఆట చూస్తున్నారు. దాంట్లో బొమ్మ అర నిమిషం వెనకగా వస్తుంది. పక్కింటివాళ్లు డిష్ పెట్టుకున్నారనుకోండి, మన ఫోనులో సర్వీసు మొదలుకాకముందే వాళ్లింట్లో ఈల వినబడుతుంది. పాయింటు ఎవరిదో గోడ చెబుతుంది.

మా మేనకోడలు ఆ ఏటినుంచి ఒక నోటుబుక్కు పెట్టింది. సానియా ఆడిన ఆటలన్నిటికీ అందులో గళ్లు గీసి పాయింటు పాయింటూ రాసుకునేది. 2023 జనవరి 27న సానియా మెల్బోర్నులో బోపన్నతో కలిసి తన ఆఖరు గ్రాండ్‌స్లాం ఫైనలు ఆడి ఓడిపోయిన రోజుదాకా రాసింది. మొన్న తీసి చూస్తే ప్రతి పుటలోనూ రెండు మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇవేమిటమ్మా అంటే, "గవి అడ్వటైజ్‌మెంట్లు మామా," అంది.