న్యూట్రల్‌లో దిగితే మిగిలేది డీజిల్ కాదు

మళ్ళీ ఇంత పొడుగు రాస్తున్నామని విసుక్కోకండి. పోయిన ఆదివారం కమిటీలో మొదలై సగంలో ఆగిపోయిన మాట ఇది. ఆకులు వేశారని పిలుపు రాగానే అందరం లేచిపోయాము. మిగతా సగం ఇక్కడ.

కొల్లిమల యాత్ర గుర్తుంది కదా. అరపళీశ్వరుడి దర్శనమైంది, ఆకాశగంగ జలపాతం చూశాము, సాయంత్రం దిగుతున్నాము. మొత్తం 70 హెయిర్‌పిన్ మలుపులు. మొదటి నాలుగైదు మలుపులు దాటగానే డ్రైవరు గేరు తీసేసి బండిని న్యూట్రల్‌లో వదిలాడు. ఇంజను మూలుగు ఆగిపోయింది, చల్లగాలి, వెనక సీట్లలో పాటలు. సగం కొండ దిగేసరికి ఏదో కాలిన వాసన. టిఫిన్ డబ్బాలో ఏదో మాడిందని ఎవరో అంటే అందరం నవ్వాము. కింద ఆపాక చూస్తే ముందు చక్రాల దగ్గర పొగ. డ్రైవరు ఒక్క మాటా చెప్పకుండా అరగంట అక్కడే నిలబడ్డాడు. మనం టీ తాగాము.

ఈ మాట ఎత్తితే మన పెద్దాయన ఒకరు, "అతను ఇరవై ఏళ్ళుగా కొండలెక్కి దిగుతున్నాడయ్యా, నాలుగు లీటర్లు మిగుల్చుకున్నాడు, పోనీ" అన్నారు. ఆయన మీద గౌరవముంది. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పాలి.

పైకి ఎక్కేటప్పుడు ఇంజను తాగిన డీజిల్‌లో చాలా భాగం వేడిగా, పొగగా పోయింది. మిగిలినదాంట్లో పెద్ద భాగం ఎక్కడికీ పోలేదు, బండి ఎత్తులో చేరి కూర్చుంది. కొండమీద నిలిపిన బండి ఊరికే నిలబడినట్టు కనిపిస్తుంది గానీ, బ్యాంకులో వేసిన డిపాజిట్టులాగా ఆ శక్తి దానిలోనే ఉంటుంది. కిందికి దిగుతుంటే అదే వేగంగా మారుతుంది. మేము చదివింది తమిళ మీడియంలో. అక్కడ దీన్ని నిలై ఆట్రల్, ఇయక్క ఆట్రల్ అని నేర్చుకున్నాము. తెలుగులో ఏమంటారో చాలా కాలం తెలియదు. చిత్తూరు చుట్టాలింట్లో పిల్లవాడి పుస్తకం తిరగేస్తే కనిపించింది: స్థితిశక్తి, గతిశక్తి. నిలై అన్నా స్థితి అన్నా ఒకటే కదా, ఉన్నచోట ఉన్నందువల్ల వచ్చిన శక్తి. మన పిల్లలకు ఇంగ్లీషులో ఈ రెండు పేర్లూ వచ్చు, పరీక్షలో సూత్రం కూడా రాస్తారు. ఆ సాయంత్రం వ్యానులో అలాంటి పిల్లలు ఆరుగురున్నారు. వాసనకు, సూత్రానికి సంబంధముందని ఒక్కరికీ తట్టలేదు. మాకూ ఇంటికొచ్చాకే తట్టింది, అది వేరే సంగతి.

లెక్క వేద్దాం. మనుషులు, సామాను కలిపి బండి బరువు 4 టన్నులు అనుకోండి. దిగిన ఎత్తు 1000 మీటర్లు. బరువును, ఎత్తును, భూమి ఆకర్షణకు వేసుకునే 9.8ని గుణిస్తే దాదాపు 3 కోట్ల 92 లక్షల జౌళ్ళు వస్తుంది. జౌలు అంటే ఎవరికీ అందదు కాబట్టి కరెంటు బిల్లు భాషలో చెబుతాము: దాదాపు 11 యూనిట్లు. ఇంకోలా చెప్పాలంటే 130 లీటర్ల నీళ్ళను కళపెళ మరిగించేంత వేడి. పెళ్ళి వంటలో పెద్ద గుండిగ నిండా నీళ్ళు కాచినట్టు.

ఈ శక్తి అంతా వేగంగానే మారితే, అడ్డేమీ లేకపోతే, కింద చేరేసరికి బండి గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఉండాలి. మనం 40 దాటలేదు. 40లో పరుగెత్తే బండిలో ఉన్న గతిశక్తి, ఆ కొండ ఎత్తులో ఉన్నదానిలో 150వ వంతు కూడా లేదు. మరి మిగతాది ఏమైంది? కొంచెం గాలికి, టైర్లకు పోయింది. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి పెద్ద వాటా తీసుకునేది. న్యూట్రల్‌లో ఆ దారి మూసేశాడు. ఇక మిగిలింది నాలుగు చక్రాల బ్రేకులు. గుండిగ నీళ్ళు కాగే వేడి వాటి నెత్తిన పడింది.

బ్రేకు బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే లోపలి బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆయిల్ నొక్కితే నొక్కుడును చక్రం దాకా మోస్తుంది, ఆవిరి నొక్కితే నలిగి ఊరుకుంటుంది. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. అది జరిగేది కింది మలుపుల్లోనే, ఎందుకంటే వేడి అప్పటికి పోగై ఉంటుంది. మనం పాటలు పాడింది అక్కడే.

డీజిల్ మిగిలిందా అంటే అదీ లేదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి, లోపలికి డీజిల్ వెళ్ళడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం, ఇంజను నడిపినవాళ్ళం కాము. అయినా ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ జాగ్రత్త అని అక్కడ ప్యూనుకు కూడా తెలుసు. నీలగిరి బండి చూడండి. కల్లార్, కూనూరు మధ్య సుమారు 12 మీటర్లకు ఒక మీటరు వాలు, పట్టాల నడుమ పళ్ళ కమ్మీ. ఇంజను ఎప్పుడూ కిందివైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు నెడుతుంది, దిగేటప్పుడు పెట్టెలకు అడ్డుగా నిలుస్తుంది. సోలాపూర్ మనవాళ్ళు ముంబై వెళ్ళే దారిలో బోర్ ఘాట్ ఉంది, 37 మీటర్లకు ఒక మీటరు వాలు. ఎక్కేటప్పుడు వెనక నెట్టే ఇంజన్లను అందరూ ఫోటో తీసుకుంటారు. దిగేటప్పటి ఏర్పాటును ఎవరూ చూడరు. దాని పేరు క్యాచ్ సైడింగ్. అసలు లైను నుంచి చీలి ఎదురు ఎత్తుకు ఎక్కే పట్టాలు. దిగే బండి అక్కడ ముందు ఆగి చూపించాలి, ఆగితేనే ముందుకు దారి. ఆగలేకపోతే ఆ ఎత్తు మీదికి ఎక్కేస్తుంది, వేగమంతా మళ్ళీ ఎత్తుగా మారి నిలిచిపోతుంది. గతిశక్తిని తిరిగి స్థితిశక్తిగా మార్చి ప్రాణాలు కాపాడే ఏర్పాటు. ఇప్పటి డబ్ల్యూఏపీ-7 లాంటి ఇంజన్లయితే దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లయి, కరెంటును పైతీగకు తిరిగి ఇస్తాయి. డిపాజిట్టు వడ్డీ లేకుండా అయినా వెనక్కి వస్తుందన్నమాట.

మన తాతలకు ఈ సూత్రాలు తెలియవు గానీ పని తెలుసు. కపిల బావి చూసినవాళ్ళు సంఘంలో ఇంకా ఉన్నారు, తమిళంలో కవలై అంటారు. ఎద్దులు వాలుగా తవ్విన బాటలో కిందికి నడుస్తుంటే తోలు బొక్కెన పైకి వచ్చేది. ఎద్దుల బరువు దిగుతుంటే నీళ్ళ బరువు ఎక్కేది. ఆ బాటను చదునుగా తవ్వి ఉంటే ఎద్దులు సాయంత్రానికి కూలబడేవి.

ఇక అసలు మాట. తప్పు డ్రైవరుది ఒక్కడిదే అని మేము అనము. ఆ బండిని మొత్తం డబ్బుకు మాట్లాడాము, డీజిల్ అతని నెత్తిన వేశాము. అడిగినదాంట్లో 1500 రూపాయలు తగ్గించారని కమిటీలో చప్పట్లు కొట్టాము. మేమూ కొట్టాము. అతను ఆ 1500 ఎక్కడో మిగుల్చుకోవాలని చూశాడు, న్యూట్రల్‌లో వదిలితే మిగులుతుందని నమ్మాడు. 17 మంది ప్రాణాలు ఆ నమ్మకం మీద దిగాయి.

అందుకని కమిటీని కోరేది ఇది. ఇకమీద బాడుగ వేరు, డీజిల్ వేరు. డీజిల్ ఎంత పడితే అంత సంఘమే పోయించాలి. బయలుదేరే ముందే డ్రైవరుకు మర్యాదగా చెప్పాలి, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దించు నాయనా అని. సగం కొండలో పది నిమిషాలు ఆపాలి, పిల్లలు బజ్జీలు తింటారు, బ్రేకులు చల్లారుతాయి. ముందు సీట్లో వీడియోలు తీసేవాళ్ళు కాక, గేరు మీద కన్నుంచే మనిషి ఒకరు కూర్చోవాలి.

ఈ ఏడు యేర్కాడు అనుకుంటున్నారని విన్నాము. సేలం వైపు దారిలో 20 మలుపులు. ముందు సీటుకు మా పేరు ఇప్పుడే రాసుకోండి.