సాయంత్రం పూసి ఉదయానికి మాసే దద్దు

దద్దుర్లు అనగానే ‘వేడి చేసింది’ అనో, ‘ఏదో పడలేదు’ అనో తీర్మానించడం మన ఇళ్ళలో పరిపాటి. పలుమార్లు అది నిజమే. కాని జ్వరంతో వచ్చి జ్వరంతోనే పోయే దద్దు విషయంలో ఆ తీర్మానం ప్రమాదకరమని నా అభిప్రాయం.

1897లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లలలో ఒక కీళ్ళవాపు వ్యాధిని వర్ణించారు. 1971లో ఎరిక్ బైవాటర్స్ అటువంటి వ్యాధినే 14 మంది పెద్దలలో గుర్తించారు. అదే అరుదైన ‘వయోజన స్టిల్ వ్యాధి’. తరచు సాయంవేళ 39 డిగ్రీల సెంటీగ్రేడు దాటే జ్వరం, గొంతునొప్పి, కీళ్ళనొప్పులు, ఛాతీ, వీపు, చేతులు, తొడలపై లేత మచ్చలు దీని లక్షణాలు. జ్వరం దిగగానే మచ్చలు మాసిపోతాయి. మరునాడు వైద్యునికి చూపడానికి ఏమీ మిగలదు.

ఇది ఎక్కువగా యువతీయువకులలో, నడివయసువారిలో కనిపించినా, అరవై దాటినవారికీ రావచ్చు. వృద్ధులలో ఈ దద్దు స్పష్టంగా ఉండకపోవచ్చు. కొందరిలో దురదతో కూడిన మచ్చలు మానకుండా నిలిచిపోతాయి. యాంటీబయాటిక్ వాడుతుండగా దద్దు కనబడితే నింద మందుపై పడుతుంది.

పాఠ్యగ్రంథాలు ఈ దద్దును సామన్ చేప రంగుతో పోలుస్తాయి. అది తెల్లని చర్మాన్ని చూసి వ్రాసిన పోలిక. మన చామనఛాయపై ఆ ఎరుపు సులభంగా తెలియదు. కనుక ‘దద్దు లేదు’ అనే ముందు వైద్యులు, మనమూ మరొకసారి చూడాలి.

ఇంత అరుదైన వ్యాధికి ఇంత ఆందోళన ఎందుకని అడగవచ్చు. నేను కోరేది ఆందోళన కాదు, అలవాటు. జ్వరం హెచ్చినప్పుడే మంచి వెలుతురులో మచ్చలను ఫోటో తీయండి. ఉష్ణోగ్రతను, వేసుకున్న మందులను వేళలతో సహా వ్రాసి ఉంచండి. ఏ జ్వరానికైనా ఇది ఉపకరిస్తుంది.

ఈ వ్యాధిని తేల్చే ఒకే పరీక్ష లేదు. రక్తంలో ఫెరిటిన్ బాగా పెరగడం ఒక సూచన మాత్రమే. అంటువ్యాధులు, క్యాన్సర్లు కావని ముందుగా నిర్ధారించాలి. ఆలస్యమైతే కొందరిలో రక్షణకణాలు అదుపు తప్పి ప్రాణాపాయం కలుగుతుంది. చికిత్సకు స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ ఉన్నాయి. 2020లో అమెరికా కనకినుమాబ్‌ను కూడ ఆమోదించింది.

మన వద్దకు వచ్చిన తల్లిదండ్రులు ఖర్చుకు జంకి జ్వరాన్ని దాచుకుంటారు. వారిని సాయంవేళ ఒకసారి పలకరించండి, నుదురు తాకి చూడండి. వయసు మీద పడిందన్న మాటతో వారి బాధను కొట్టివేయకండి.